ఆగు టీచరు వీడియో పాఠాలు

ఆన్‌లైన్ చదువు గురించి మాట్లాడమంటే మనవాళ్లకు వచ్చినవి రెండే ఉపన్యాసాలు. భవిష్యత్తు అంతా అందులోనే ఉందని చప్పట్లు కొట్టించుకునేది ఒకటి, పిల్లలు చెడిపోయారని నిట్టూర్చేది ఇంకొకటి. లెక్కల టీచరుకు ఈ రెండూ వినే ఓపిక లేదు. "ముందు పిల్లలకి లెక్క వచ్చిందో లేదో చెప్పండి, భవిష్యత్తు సంగతి తరవాత చూద్దాం" అనేది, స్టాఫ్ రూములో టీ కప్పు బల్ల మీద ఠక్కున పెడుతూ.

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు ఆగు టీచరు. ప్రశ్న అడగ్గానే ఎవరైనా సీట్లోంచి ఎగిరి చెయ్యెత్తితే "ఆగు" అంటుంది. ఆ ఒక్క మాట అనేసి, చేతులు కట్టుకుని కిటికీ వైపు తిరుగుతుంది. ఇక గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడదు. కొత్తగా చేరిన పిల్లలు టీచరే జవాబు మర్చిపోయిందేమోనని కంగారుపడేవాళ్లు. పాతవాళ్లకు తెలుసు, చివరి బెంచీలో చివరి పిల్ల కాగితం మీంచి తలెత్తేదాకా ఆమె నోరు విప్పదని. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి "తరగతి నిద్రపోతున్నట్టున్నది" అని రాసి వెళ్లాడు. ఆమె దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకుంది.

బడిలో గదులు చాలక, వారంలో కొన్ని రోజులు బడికి రావడం, మిగతా రోజులు ఇంట్లో ఫోను ముందు కూర్చోవడం అనే పద్ధతి పెట్టారు. గేటు మీద బోర్డులో దాని పేరు మిశ్రమ బోధన. పిల్లల నోట్లో అది సగంబడి. పగలు ఇంట్లో ఫోను ఉండే పిల్లలు క్లాసు జరుగుతున్నప్పుడే చూస్తారు, టీచరు అడిగితే జవాబు కూడా చెప్తారు. లేనివాళ్లు సాయంత్రం రికార్డింగు చూసుకుంటారు. ఈ ఏర్పాటు వచ్చినప్పుడు సగంమంది టీచర్లు తెర ముందు ఎలా కనబడాలా అని తలలు బద్దలుకొట్టుకున్నారు. ఆమె మాత్రం కెమెరాను బల్ల మీదికి వంచి బిగించేసింది. తెరలో ఆమె చెయ్యి, పెన్ను, తెల్ల కాగితం, అంతే. "నా మొహంలో లెక్కలేం లేవు కదా" అంది. తన వీడియో ఒక్కటి కూడా ఆమె తిరిగి చూసుకోలేదు. తన గొంతు తనకే నచ్చదు.

ఆ తరగతిలో చెవి మీద ఎప్పుడూ పెన్సిలు పెట్టుకుని తిరిగే అమ్మాయి ఉండేది. అందరికీ ఆమె పెన్సిలు పిల్లే. వాళ్లింట్లో ఉన్నది ఒకటే ఫోను. అన్న పార్సిల్ వ్యాను నడుపుతాడు, పగలంతా ఫోను అతని దగ్గరే. అన్న ఇంటికొచ్చి, స్నానం చేసి, నడుం వాల్చాక ఫోను చెల్లి చేతికొస్తుంది. పూర్తి బడి రోజుల్లో ఆ పిల్ల తొందరపడేది కాదు కానీ జవాబు తప్పేది కాదు. సగంబడి మొదలైన కొన్నాళ్లకు ఆమె పలకడం మానేసింది. బడికొచ్చిన రోజున కూడా ప్రశ్న అడిగితే నేల చూపులు చూసేది. పరీక్షలో కాగితం దాదాపు తెల్లగా ఇచ్చింది.

హెడ్మిస్ట్రెస్ పిలిచి చెప్పింది. "టీచర్ గారూ, నెలాఖరున రివ్యూ పెడుతున్నాం. ఈ అమ్మాయి ఇలాగే ఉంటే కింది తరగతికి పంపక తప్పదు. వాళ్లన్నయ్యకి కూడా చెప్పాను."

"ఏమన్నాడు?"

"చదివిన క్లాసే మళ్లీ చదివించడం తన వల్ల కాదన్నాడు. మాన్పించి ప్యాకింగ్ షెడ్డులో పెడతాడట."

జాలిపడటం టీచరుకు రాని విద్య. బడి రోజున మధ్యాహ్నం పెన్సిలు పిల్లను స్టాఫ్ రూములో పక్కన కూర్చోబెట్టుకుని, తన ఫోను ఆమె చేతికిచ్చింది. "ఇంట్లో ఎలా చూస్తావో అలా చూడు. నేనిక్కడ లేననుకో."

వీడియో మొదలైంది. ఆమె పెన్ను దీర్ఘచతురస్రం గీసింది. ఆమె గొంతు ప్రశ్న అడిగింది. ఆ వెంటనే, ఊపిరి తీసుకునే సందైనా లేకుండా, ఒక కుర్రాడి గొంతు జవాబు చెప్పేసింది. మరో ప్రశ్న, మరో జవాబు. ఇంకో ప్రశ్నకు తన గొంతే టపీమని బదులిచ్చింది. కాగితం మీద అంకెలు గెంతుకుంటూ పోతున్నాయి.

"ఇదేంటే, నేనింత వాగుడుకాయనా?" అంది టీచరు.

పిల్ల బిక్కమొహం వేసింది. "మీరు ఇంట్లో ఇలాగే చెప్తారు టీచర్."

"మరి ఆపుకుని ఆలోచించొచ్చు కదా. బటన్ ఉందిగా."

"నేను నొక్కేలోపే జవాబు వచ్చేస్తుంది. విన్నాక ఇంకేం ఆలోచిస్తాం?" కాసేపు గోళ్లు చూసుకుని మళ్లీ అంది, "అందరికీ అడగ్గానే వచ్చేస్తోంది టీచర్. నాకొక్కదానికే రావట్లేదు. అందుకే బళ్లో నోరెత్తట్లేదు."

టీచరు ఫోను తీసుకుని తిన్నగా మెట్లెక్కి వీడియో గదికి వెళ్లింది. రికార్డింగులు సర్దే ఎడిటరు అక్కడే ఉన్నాడు. పెళ్లై పిల్లవాడున్న మనిషి, మర్యాదస్తుడు, పనిమంతుడు. ఆమెను చూడగానే లేచి కుర్చీ జరిపాడు.

"నా పాఠాల్లో ఏం చేశావయ్యా?"

అతని మొహం వెలిగిపోయింది. "చూశారా టీచర్? మీ క్లాసులో మధ్యమధ్యలో ఎవరూ మాట్లాడరు కదా, ఆ ఖాళీలన్నీ తీసేస్తున్నాను. చప్పుడు లేనిచోటల్లా సాఫ్ట్‌వేరే కోసేస్తుంది. పాఠం సగానికి దిగింది. హెడ్ మేడం కూడా మెచ్చుకున్నారు, పేరెంట్స్‌కీ నచ్చింది. అందరికన్నా మీదే ఎక్కువ తగ్గింది తెలుసా?"

"తగ్గదూ మరి. నేను చెప్పే పాఠమే అది."

అతనికి అర్థం కాలేదు. చప్పుడు లేనప్పుడు పిల్లలు లెక్క చేసుకుంటారని, ఆ టకటకా జవాబు చెప్పిన కుర్రాడు కూడా అసలు క్లాసులో చాలాసేపు తల గోక్కున్నాడని, ఆ గోక్కున్న సేపంతా కోసేస్తే ఇంట్లో ఒంటరిగా చూసే పిల్లకు వాడు మేధావిలాగా, తను మొద్దులాగా కనబడుతుందని ఆమె విడమరిచి చెప్పింది. అతను నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు.

"కోయనివి ఉన్నాయా?"

"లేవు టీచర్. చోటు చాలట్లేదని ఎప్పటివప్పుడు తుడిచేస్తున్నాను." అతను మౌసు పక్కకి జరిపాడు. "మంచే చేస్తున్నాననుకున్నాను."

"అనుకున్నావులే. రేపట్నుంచి బడి వదిలాక మళ్లీ రికార్డు చేద్దాం. మొదటి పాఠం నుంచి."

ఇక్కడ ఆమెకే ఒక చిక్కు వచ్చిపడింది. ఎదురుగా పిల్లలు లేని గదిలో ప్రశ్న అడిగి ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు. ఇన్నేళ్లుగా "ఆగు" అన్న మనిషి, ఖాళీ బెంచీల ముందు ఆగలేకపోయింది. నోరు దానంతటదే జవాబు చెప్పేస్తోంది. మొదటి రోజు తీసిన పాఠం విని, "కత్తెర అక్కర్లేదు, నేనే చాలు" అని విసుక్కుంది. మనసులో లెక్కపెడుతూ ఆగి చూసింది. అది రైలు కోసం ఎదురుచూస్తున్నట్టుంది తప్ప పిల్ల కోసం ఆగినట్టు లేదు.

రెండో రోజు ఆమె కెమెరా బిగించి, ఒక కాగితం, పెన్ను ఎడిటరు ముందు పెట్టింది. "నువ్వు కూర్చుని చెయ్యి. నువ్వు తలెత్తాకే నేను మాట్లాడతాను."

"నేనా? టీచర్, నాకూ లెక్కలకూ ఎప్పుడూ పడలేదు. వదిలెయ్యండి."

"పడనివాడే కావాలి. పడేవాడైతే నాకెందుకు?"

అతను చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నాడు. దీర్ఘచతురస్రం చుట్టుకొలత ఇచ్చి, పొడవు వెడల్పు కన్నా ఎంత ఎక్కువో చెప్పి, వైశాల్యం కనుక్కోమంటే, అతను కాగితాన్ని చిన్నప్పటి పగవాడిని చూసినట్టు చూశాడు. రాశాడు, కొట్టేశాడు, మూలిగాడు. కుర్చీ కిర్రుమంది. టీచరు కిటికీ వైపు తిరిగింది, ఎప్పటిలాగే. చివరికి అతను తలెత్తాడు. అప్పుడు ఆమె చెయ్యి కాగితం మీద కదిలింది. నిశ్శబ్దాన్ని ఉన్నచోట ఉండనిచ్చి, ఆమె పాఠం ముందుకు నడిపింది. అలా నెలాఖరు దాకా రోజూ, బడి వదిలాక ఆ ఇద్దరూ కూర్చున్నారు. ఆమె గొంతు బొంగురుపోయింది, మానలేదు. మిగతా టీచర్లు "లెక్కలావిడ శిష్యుణ్ణి పట్టింది" అని నవ్వుకుంటే, ఫీజు కూడా అడుగుతానంది.

పాత వీడియోలు తీసేసి కొత్తవి పెట్టాక ఇళ్లనుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. పాఠం మధ్యలో బొమ్మ ఆగిపోతోందని కొందరు, ఫోను పాడైందేమోనని తట్టి చూశామని కొందరు. హెడ్మిస్ట్రెస్ మొహం చిట్లించింది. "రివ్యూ అయ్యేదాకా ఓపిక పట్టండి మేడం. ఆ పిల్లకి రాకపోతే మీ ఇష్టం వచ్చినట్టు కోసుకోండి" అంది టీచరు.

రివ్యూ హెడ్మిస్ట్రెస్ గదిలో జరిగింది. పెన్సిలు పిల్ల బల్లకు ఇవతల నిలబడింది. వ్యాను అడ్డంగా ఆపి వచ్చిన అన్న తలుపు దగ్గర కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. హెడ్మిస్ట్రెస్ లెక్క చెప్పింది. చుట్టుకొలత ఇరవై ఎనిమిది, పొడవు వెడల్పు కన్నా నాలుగెక్కువ, వైశాల్యం ఎంత?

పిల్ల పలకలేదు. కాగితం మీద వంగింది.

"చెప్పవే, నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అన్నాడు అన్న.

"ఆమె నోట్లో కాదు బాబూ, చేతిలో ఉంది. చూడు" అంది టీచరు.

అందరూ చూశారు. పిల్ల బొమ్మ గీసి, పొడవులో ఎక్కువగా ఉన్న ముక్కను రెండు వైపులా కొట్టేసి, మిగిలినదాన్ని నాలుగు భాగాలు చేసింది. ఒకచోట తప్పు వేసి, తనే కనిపెట్టి దిద్దుకుంది. తలెత్తి, "నలభై ఐదు మేడం" అంది.

"సమీకరణం రాస్తే తొందరగా వచ్చేది కదమ్మా?"

"వచ్చేది మేడం. నాకిలా కనబడింది."

ఇంకో రెండు లెక్కలు ఇచ్చారు. ఒకటి వచ్చింది, ఇంకొకటి సగంలో ఆగింది. హెడ్మిస్ట్రెస్ కళ్లజోడు తీసి, ఈ తరగతిలోనే ఉంచుదామంది. అన్న గట్టిగా ఊపిరి వదిలి, "సరే మేడం. కానీ ఆ వీడియోలు నా డేటా అంతా తాగేస్తున్నాయి" అని గొణిగాడు. షెడ్డు మాట ఎత్తలేదు.

వరండాలోకి వచ్చాక పిల్ల టీచరును ఆపింది. "వీడియోలో ఒకాయన మూలుగుతూ ఉంటాడు కదా టీచర్, ఎవరాయన?"

"మన ఎడిటరే. ఏం, ఇబ్బందిగా ఉందా?"

"లేదు లేదు. ఆయన మూలిగినప్పుడల్లా నాకు ధైర్యంగా ఉంటుంది." మళ్లీ అడిగింది, "చివరి వీడియోలో ఇంటికిచ్చిన లెక్క ఆయనకి వచ్చిందా?"

"ఇంకా చేస్తూనే ఉన్నాడు. నీకొచ్చిందా?"

"ఆఁ, వచ్చింది." పిల్ల మెట్ల మీదుగా వీడియో గది వైపు చూసింది. "మీరు చెప్పకండి టీచర్. ఆయన్నే చేసుకోనివ్వండి."