నేను కుట్టిన బస్తా

ఆ రోజు లారీ బల్ల మీద పగిలిన బస్తా మూతి కుట్టింది నేను. మేస్త్రి వచ్చి "ఎవరి కుట్టురా ఇది?" అని అడిగినప్పుడు, "పెద్దవ్వకు ఈ నడుమ కండ్లు ఆనుత లేవన్నా" అన్నాను. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా పక్కన కూర్చుని మూతులు కుట్టే ఆ ముసలామెకు కండ్లు సరిగా కనిపించవని గుంపులో అందరికీ తెలుసు. అందుకే ఆ మాట అంత బాగా పనిచేసింది. నిజాన్ని అడ్డం పెట్టుకుని అబద్ధం చెప్పడం నాకు అంత సులువుగా వస్తుందని అప్పటిదాకా నాకే తెలియదు.

నేను హమాలీని. పెద్దపల్లికి దగ్గరలోనే మా ఊరు. కోతలు అయ్యాక రైతులు వడ్లు తెచ్చి కొనుగోలు కేంద్రంలో పోస్తారు. వాటిని సంచుల్లో నింపడం, కాంటా పెట్టడం, మూతులు కుట్టడం, లారీకి ఎత్తడం మా గుంపు పని. పెళ్లికి ముందు నుంచీ నా వీపు మీద బస్తాలు మోస్తూనే ఉన్నాను. నా అంత వేగంగా లారీకి ఆనించిన బల్ల ఎక్కేవాడు గుంపులో ఇంకొకడు లేడని నాకు పొగరు ఉండేది. పోయిన వానకాలం పంటప్పుడు తడిసిన బల్ల మీద కాలు జారింది. బస్తా నా మీద పడలేదు, కానీ దాన్ని కింద పడనీయకూడదని నడుము మెలిపెట్టి ఆపాను. అక్కడే ఏదో పుటుక్కుమంది.

కరీంనగర్ దవాఖానాలో ఫోటో తీసి, నడుములో డిస్కు జరిగిందన్నారు. ఆపరేషన్ వద్దు, జాగ్రత్త చాలు అన్నాడు డాక్టరు. చీటీ మీద రాస్తూనే చదివి వినిపించాడు.

"ఐదు కిలోలు దాటి ఎత్తొద్దు. వంగొద్దు. మెట్లు, బల్లలు ఎక్కొద్దు. బెల్టు తియ్యొద్దు."

"బస్తా నలభై కిలోలు ఉంటది సార్."

"అయితే బస్తా ముట్టకు."

ఆయన తప్పేమీ లేదు. కానీ బస్తా ముట్టని హమాలీ ఎట్లా ఉంటాడో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

మా గుంపులో ఒక పద్ధతి ఉంది. పని మీద దెబ్బ తగిలిన మనిషిని ఇంటికి పంపరు. నిలబడి, కూర్చుని చేసే పని ఏదైనా ఇస్తారు. మాకు అలాంటి పని ఒక్కటే, బస్తా మూతులు కుట్టడం. ఆ పని పెద్దవ్వది. ఆమె భర్త మా గుంపులోనే మోసేవాడు. ఆయన పోయాక గుంపు కూర్చుని మాట్లాడుకుని ఆమె చేతికి దబ్బనం, కుట్టే సుతిలి దారం ఇచ్చింది. అంటే అది కూడా ఆ పద్ధతి ప్రకారమే ఆమెకు వచ్చింది. యాసంగి వడ్లు మొదలైన రోజు నేను బెల్టు పెట్టుకుని, డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని కేంద్రానికి పోతే మేస్త్రి చాలాసేపు తల గోక్కున్నాడు.

"ఇద్దరు కలిసి కుట్టుండ్రి. ఈ సీజన్ ఒడువనీ, మల్ల సూద్దాం" అన్నాడు.

ఇద్దరు అక్కర్లేని పని అది. సీజను అయిపోయాక మళ్లీ చూద్దాం అంటే ఇద్దరిలో ఒకరు పోతారు. ఆ సంగతి నాకు అక్కడే అర్థమైంది. ఆ రోజు నుంచి పక్కన కూర్చున్న ముసలామె నాకు పెద్దవ్వలా కనిపించలేదు.

ఆమె మాత్రం నాకు పని నేర్పింది. మూతి అంచును లోపలికి రెండు మడతలు వెయ్యాలి. కుట్టు కుట్టుకూ మధ్య రెండు వేళ్ల కంటే ఎక్కువ ఎడం ఉండకూడదు. రెండు కొసల దగ్గర సుతిలిని వెనక్కి తిప్పి ముడి బిగించాలి. మూలల్లో చెవుల్లా కొంచెం సంచి వదలాలి, మోసేవాడు పట్టుకోవడానికి. ఇన్నేళ్లు ఆ చెవులు పట్టుకునే బస్తాలు మోశాను. అవి ఎవరు వదిలారని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఇప్పుడు ఆమె చెబుతుంటే, ఇది కూడా ఒక విద్యేనా అన్నట్టు మొహం పెట్టేవాణ్ని.

మోసేవాళ్లలో నా బామ్మర్ది కూడా ఉన్నాడు. నా భార్య తమ్ముడు. నాలుగేళ్ల కింద వాణ్ని గుంపులో చేర్పించింది నేనే. వాడు బస్తా వీపు మీదికి ఎత్తించుకుంటూ నన్ను ఊరికే వదిలేవాడు కాదు.

"బావా, గాజులు ఏ సైజు? మొన్న అక్కకు తెచ్చిన డజను ఉన్నయ్, ఇయ్యాల్నా?"

గుంపంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారు. పెద్దవ్వ మాత్రం తల ఎత్తకుండా, "నవ్వనీ బిడ్డా. నేను కొత్తగ వచ్చిన్నాడు నన్ను గూడ గిట్లనే నవ్విండ్రు. మొగోళ్ల నడుమ ముండమోపికి ఏం పనని. నవ్వి నవ్వి ఆళ్లే అలిసిపోయిండ్రు" అనేది.

మధ్యాహ్నం దాటితే నా నడుము కొయ్యలా బిగుసుకుపోయేది. నేను వెల్లకిలా పడుకుంటే, నా వంతు బస్తాలు కూడా ఆమే కుట్టేది. మేస్త్రి అటు వస్తుంటే అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి "లే, లే, వస్తుండు" అని కాలితో తట్టేది. ఆమె కప్పిపెట్టిన ఆ గంటల వల్లే నేను ఆ సీజనులో నిలబడ్డాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి.

ఆ రోజు ఉదయం నుంచీ మొగులు పట్టింది, వాన వచ్చేలా ఉంది. నాలుగు రోజులు రాని లారీ అప్పుడే వచ్చింది. రైతు ఒకాయన టార్పాలిన్లు పట్టుకుని అటూ ఇటూ ఉరుకుతున్నాడు. "జల్ది చెయ్యుండ్రి నాయనా, తడిస్తే నా బతుకు మొలకెత్తుతది" అంటున్నాడు. మేస్త్రి మా ఇద్దరి ముందే నిలబడి ఉన్నాడు. పెద్దవ్వ కంటే నేను ఎక్కువ కుట్టగలనని ఆయనకు చూపించాలనిపించింది. అదొక్కటే నా బుర్రలో ఉంది. మడత ఒకటే వేశాను. కుట్లు జానెడు ఎడంగా లాగాను. కొసలకు ముడి వెయ్యడం మానేశాను. నా పక్కన బస్తాల వరుస ఆమె వరుస కంటే పొడుగ్గా పెరిగింది. మేస్త్రి చూసి తల ఊపాడు. ఎన్నో నెలల తర్వాత నాకు హాయిగా అనిపించింది.

ఆ వరుసలోని బస్తా ఒకటి నా బామ్మర్ది వీపు మీదికి ఎక్కింది. బల్ల సగం ఎక్కాడో లేదో మూతి విచ్చుకుంది. వడ్లు వాడి మెడ మీది నుంచి కాళ్ల కిందికి జారాయి. వడ్ల మీద అడుగు పడితే ఏమవుతుందో మాలో ఎవరికైనా తెలుసు. వాడు మోకాలు బల్ల అంచుకు కొట్టుకుని కింద పడ్డాడు.

నేను ఉరకలేను. నడుము పట్టుకుని నడిచాను. అందరూ వాడి చుట్టూ చేరారు. నేను మొదట ముట్టుకున్నది వాణ్ని కాదు, ఆ ఖాళీ సంచిని. మూతికి వేలాడుతున్న సుతిలిని ఒక్క గుంజు గుంజితే మొత్తం వచ్చేసింది. ఉండచుట్టి లారీ టైరు వెనక్కి విసిరేశాను. అప్పుడు మేస్త్రి అడిగాడు. నేను పెద్దవ్వ కండ్ల మాట అన్నాను.

పెద్దవ్వ లేచి వచ్చింది. చెయ్యి చాపి, "ఏదీ గా సుతిలి? ఓసారి ఇటియ్యి" అంది.

"ఊసిపోయింది పెద్దవ్వా. ఏడ పడ్డదో."

ఆమె చెయ్యి కొంతసేపు అలాగే చాచి ఉంచింది. తర్వాత దించుకుని, "నాదే అయ్యుంటది. పొద్దుగాల్నుంచి మొగులాయె, సరిగ కనవడలే" అంది. ఎవరూ అడగకుండానే ఒప్పుకుంది.

మేస్త్రి చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి చెప్పాడు. "రేపటి సంది ఇంటికాడ ఉండు పెద్దవ్వా. మనుషులు పడవట్టిరి గదా. ఏం ఫికర్ చెయ్యకు, మేమంత లేమా?" ఆమె సరే అని చీర కొంగుకు అంటిన పొట్టు దులుపుకుని వెళ్లిపోయింది. కుట్టే చోటు ఇక నాది. నాకు కావలసింది అదే.

సాయంత్రం బామ్మర్దిని మా ఇంటికే తీసుకొచ్చాం. మోకాలు బోర్లించిన గిన్నెలా వాచింది. నా భార్య ఉప్పు కాపడం పెడుతూ పెద్దవ్వను తిట్టడం మొదలుపెట్టింది. కండ్లు లేనిదానికి పని ఎందుకంది. మొగుణ్ని మింగింది చాలదా, నా తమ్ముణ్ని గూడ మింగుతదా అంది. నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నాను. ముద్ద దిగింది. మొత్తం తిన్నాను.

అప్పుడే పెద్దవ్వ వాకిట్లోకి వచ్చింది. ఆకులో నూరిన పసుపు, సున్నం తెచ్చింది. నా భార్య రమ్మనలేదు. ఆమె గడప బయటే నిలబడి, "పొల్లా, గిది కట్టు, వాపు గుంజుతది. నా కండ్లు పాడుగాను, పిలగాన్ని పడేస్తిని" అంది. నా భార్య ఆకు తీసుకుని లోపలికి వచ్చింది. పెద్దవ్వ నా వైపు తిరిగి, "బిడ్డా, నువ్వు జర పైలం. ఒక్కనివే కుట్టాలె ఇగ. నడుము చూసుకో" అని వెళ్లింది.

నేను చేసిన తప్పుకు ఆమె నా ఇంటికి వచ్చి క్షమాపణ చెప్పింది. అది నేను కూర్చుని విన్నాను.

మరునాడు పొద్దున్నే జరిగింది మొదట భార్యకు చెప్పాను. ఆమె పొయ్యి ముందు నుంచి నా వైపు తిరిగింది. "నా నోట్లెకెల్లి అన్ని మాటలు ఎల్లేదాక గట్లనే తినుకుంట కూసున్నవా?" అంది. ఆ రోజు నాకు చాయ్ పొయ్యలేదు.

కేంద్రంలో గుంపంతా వడ్ల కుప్ప పక్కన చేరి ఉంది. బామ్మర్ది కూడా కుంటుతూ వచ్చి బస్తా మీద కూర్చున్నాడు.

"అన్నా, నిన్నటి కుట్టు నాది" అన్నాను మేస్త్రితో.

"ఏ కుట్టు?"

"పగిలింది. సుతిలి గూడ నేనే గుంజి పారేసిన."

బామ్మర్ది నవ్వబోయి ఆగాడు. "మజాక్ చేస్తున్నవా బావా?"

"లేదురా."

వాడు నా వైపు చూడడం మానేశాడు. గాజుల మాట అన్నందుకు నేను తనను ఒక్కసారైనా తిట్టి ఉంటే సరిపోయేది అన్నట్టు ఉంది వాడి మొహం.

"నిన్న అడిగినప్పుడు నోట్లె ఏం వెట్టుకున్నవ్?" అన్నాడు మేస్త్రి.

"చెప్తే నన్ను తీసేస్తవనుకున్న. ఇంకో పని చేతగాదు నాకు."

"ఇప్పుడు తియ్యనా మరి?"

"తియ్యన్నా."

ఆయన ఉమ్మేసి, "ముందుగాల పోయి ముసలిదాన్ని తోలుకరా. మేం పోతే రాదు. పో" అన్నాడు.

పెద్దవ్వ ఇంటి ముందు చేట ఒళ్లో పెట్టుకుని ఖాళీగా కూర్చుని ఉంది. బియ్యం పక్కన గిన్నెలోనే ఉన్నాయి. నేను నిలబడే అంతా చెప్పాను. కూర్చోమని ఆమె అనలేదు. చేట పక్కన పెట్టి నోరు విప్పింది.

"నా కండ్లు పోతున్నయని నాకు ఎరుకే. నేను కండ్లతోని కుడుతున్ననా? గీ చేతి ఏళ్లతోని కుడుత. నిన్నటి సంది ఏళ్లు గూడ పోయినయనుకున్న. గీ బియ్యంల రాళ్లు ఏరుదామంటే చెయ్యి వెట్టబుద్ధి గాలే, బుగులైంది. ఒక్క రోజుల నన్ను ముసలిదాన్ని జేస్తివి గదరా."

నాకు కాళ్లు పట్టుకోవాలనిపించింది, కానీ వంగలేను. అది కూడా ఒక సాకులా అనిపించి సిగ్గేసింది. "నడువు పెద్దవ్వా, మేస్త్రి రమ్మన్నడు" అన్నాను. "నువ్వు ముందు నడువు" అంది. దారంతా నాకు పది అడుగులు వెనకే నడిచింది.

కేంద్రానికి వచ్చాక ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. నిన్న లారీకి ఎత్తకుండా మిగిలిన బస్తాల దగ్గరికి పోయి, ఒక్కొక్క మూతి మీద వేళ్లు నడిపించింది. "గిది ఆనిది. గిది ఆనిది. గిది నాది. గిది ఆనిది." నా కుట్టేదో తన కుట్టేదో ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. గుంపంతా పని ఆపి చూసింది. మేస్త్రి తల దించుకున్నాడు.

"అన్నా, నేనే ఇప్పి మల్ల కుడుత. గీ పని అయినంక పోత" అన్నాను. సీజను అయిపోయేదాకా నాకు ఇక్కడ చోటు లేదని ఆయన చెప్పకముందే నేనే అన్నాను. ఆయన వద్దనలేదు.

నేను కుట్టిందని ఆమె చెప్పిన ప్రతి బస్తా విప్పాను. రెండు మడతలు, రెండు వేళ్ల ఎడం, కొసలకు ముడి, మూలలకు చెవులు. కొన్ని కుట్టాక నడుము మంట మొదలైంది. బెల్టు ఇంకో పట్టు బిగించుకున్నాను. పడుకోలేదు, ఆ రోజు నా వంతు ఎవరూ కుట్టలేదు. కుట్టిన ప్రతిదాన్ని పెద్దవ్వ వేళ్లతో తడిమింది. మూడు చోట్ల "ఇప్పు" అంది. విప్పాను. నాలుగోసారి ఒకదాని దగ్గర చెయ్యి ఆగితే నేనే దబ్బనం తీసుకుని విప్పడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి వరుస అయిపోయింది. ఆమె ఆఖరి బస్తా మూతి మీద ఒక కొస నుంచి ఇంకో కొసకు వేళ్లు జరిపి, నా వైపు కాకుండా మోసేవాళ్ల వైపు తిరిగి, "ఎత్తుండ్రి" అంది.