పలకమీది అంకె

మార్చి పద్నాలుగు, శనివారం, ఉదయం 9 గంటల 40 నిమిషాలకు ఒక తెల్ల టాక్సీ వచ్చి షెడ్డు ముందు ఆగింది. దిగిన డ్రైవరు తలుపు కూడా వేయలేదు.

"మేస్త్రిగారూ, మీ బామ్మర్ది బిగించిన ఫ్యాను పుణ్యమా అని, ఫ్లైఓవర్ ఎక్కాలంటే దిగి కారుని బతిమాలుకోవాల్సి వస్తోంది!"

"ఫ్యాను నాది కాదుగా?"

"మాట మీదేగా! ఆ పలక చూసే కదండీ కొన్నది."

గుమ్మం పక్కన వేలాడే పలకమీద ఇంకా 74.1 అనే ఉంది. కొలిచిన ప్రతి కారు బలాన్నీ, మంచైనా చెడైనా, ఆ పలకమీద రాయడం మేస్త్రి అలవాటు. ఆయనను అందరూ దశాంశం మేస్త్రి అంటారు. కూతురి వయసెంతని ఎవరో అడిగితే "ఏడు పాయింట్ నాలుగు" అన్నాడని ఇప్పటికీ చెప్పుకొని నవ్వుతారు. నవ్వినవాళ్లే ఆయన అంకెను కళ్లు మూసుకుని నమ్ముతారు.

బామ్మర్ది ఆయన చేతికింద పెరిగినవాడు. స్పానరు పట్టడం దగ్గరనుంచి డైనో నడపడందాకా అన్నీ ఆయనే నేర్పాడు. కారు చక్రాలను రోలర్లమీద తిప్పి ఇంజన్ బలాన్ని కొలిచే యంత్రమే డైనో. కిందటి నెల బామ్మర్ది ఒక ప్లాస్టిక్ ఫ్యాను పట్టుకొచ్చి, ఇంజన్‌లోకి గాలి ఒత్తి బలం పెంచే ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ అన్నాడు.

మేస్త్రి అప్పుడే పెదవి విరిచాడు. చిన్న కారు ఇంజన్ సైతం పూర్తి వేగంలో నిమిషానికి దాదాపు మూడు వేల లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలిని ఒత్తిపెట్టి లోపలికి పంపాలంటే రెండు కిలోవాట్లు కావాలి. పన్నెండు వోల్టుల బ్యాటరీనుంచి ఈ ఫ్యానుకున్న సన్నతీగ నూటఇరవై వాట్లకు మించి మోయలేదు. గాలిని అలా ఒత్తే నిజమైన ఎలక్ట్రిక్ టర్బోలు ఉన్నాయి. వాటికి నలభైఎనిమిది వోల్టుల ఏర్పాటు ఉంటుంది, అవీ మామూలు టర్బో పుంజుకునేవరకు కొన్ని క్షణాలే సాయపడతాయి.

"కాగితంమీద లెక్కలెందుకు బావా? నీ డైనోనే అడుగు," అన్నాడు బామ్మర్ది.

అడిగారు. ఈ టాక్సీలాంటి కారుకే ఫ్యాను లేకుండా 70.3 హార్స్‌పవర్, ఉంటే 74.1. మేస్త్రి తన లెక్కను పక్కన పెట్టి యంత్రాన్ని నమ్మాడు. పలకమీద రాశాడు. అడిగినవాళ్లకల్లా చెప్పాడు.

ఇప్పుడు టాక్సీని రోలర్లమీదికి ఎక్కించడానికి పైనుంచి ఉష్ణోగ్రత తీగను దింపుతుండగా ఆయన చెయ్యి ఆగిపోయింది. వేడిగాలి పలచన కాబట్టి ఎండ రోజున ఇంజన్ బలం కాస్త తగ్గుతుంది. గాలి వేడెంతో ఆ తీగ చెబితే, డైనో ఆ తరుగుకు సరిపడా కలిపి అంకె చూపుతుంది. తీగ వేడెక్కినకొద్దీ కలిపేదీ పెరుగుతుంది. దాని తొడుగు ఒకచోట కరిగి, పొగ పోయే వేడి ఎగ్జాస్టు గొట్టమంత వంపుతో గట్టిపడి ఉంది.

ఫ్యాను కొలిచిన రోజు స్టీరింగు ముందు కూర్చున్నది తాను. ఇంజన్ పక్కన నిలబడింది బామ్మర్ది. "తీగమీద ఎండ పడుతోంది బావా, జరుపుతా," అన్నాడు. ఆ శ్రద్ధకు మేస్త్రి మురిసిపోయాడు కూడా.

కబురు పెడితే బామ్మర్ది ఈల వేసుకుంటూ వచ్చాడు. తీగ చూడగానే ఈల ఆగింది.

"ఇది ఎవరు నేర్పార్రా నీకు?"

"నువ్వే బావా. తీగ తప్పుచోట పెడితే అంకె ఉబ్బుతుందని."

"అలా పెట్టకూడదని చెప్పడానికి నేర్పాను."

"అంతా చేసేదే బావా. నువ్వొక్క మాట సర్దేస్తే పోతుంది. అక్క మొహం చూసైనా..."

"ఆవిడ మొహం చూసే కదరా నిన్ను ఇంజన్ దగ్గర నిలబెట్టింది!"

డ్రైవరు తలుపుకు ఆనుకుని, ఎటు చూడాలో తెలియక చెప్పుల వంక చూసుకున్నాడు. మేస్త్రి తీగను దాని చోట, కిటికీ నీడలో తగిలించాడు. టాక్సీ ఎక్కి, ఫ్యాను ఆన్ చేసి, ఇంజన్‌ను చివరిదాకా లాగించాడు. రోలర్లు నిలిచాక తెర చూడకుండానే అన్నాడు:

"చదువు. గట్టిగా."

బామ్మర్ది తెరమీదినుంచి చూపు తిప్పుకున్నాడు. డ్రైవరే చదివాడు. మేస్త్రి తడిగుడ్డతో పలక తుడిచి, సుద్దముక్క తీసుకున్నాడు.

69.1