మిరప తొడిమెల పెరుగు

గురజాలలో నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. నా భార్య పోయి అప్పటికి రెండేళ్లు. ఆవిడ చివరిసారి తోడేసిన పెరుగులోంచి ఒక చెంచా తీసి మర్నాటి పాలకు చేమిరి వేశాను. అందులోంచి మరో చెంచా ఆ మర్నాటికి. రెండేళ్లూ ఒక్క రోజు కూడా తెగనివ్వలేదు. ఎవరికైనా చెబితే పిచ్చి ముదిరిందంటారని చెప్పలేదు. నాకు మిగిలిన సంసారమంతా ఆ గిన్నే.

ఆ వేసవికి ముందు క్లాసులో ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమం, దాని మానాన వదిలేస్తే ఏదైనా చెదిరిపోతుందనేది, చెబుతుంటే ఒకమ్మాయి లేచింది.

"అన్నీ చెదిరిపోయేవే అయితే, ప్రాణం లేని మట్టిలోంచి ప్రాణం ఎట్టా పుట్టింది సార్?"

సిలబస్‌లో లేని ప్రశ్న. నాకు చిరాకేసింది.

"ఆ లెక్క అన్నివైపులా మూసేసిన పెట్టెకి. భూమికి రోజూ ఎండ వస్తుంది, వేడి మళ్లీ బయటికి పోతుంది. ఆ రాకపోకల్లో ఒకచోట పొందిక ఏర్పడితే, ఇంకోచోట అంతకు మించి చెదురుతుంది. నియమం అడ్డు చెప్పదు."

"అయితే ఎట్టా పుట్టిందో తెలిసినట్టేనా సార్?"

"అడ్డు లేదన్నాను గానీ, దారి తెలుసన్నానా? కూర్చో."

తర్వాత పేపర్లు దిద్దే డ్యూటీ పడి గుంటూరు వెళ్లాను. రెండు రోజులే కదా అని గిన్నెను నీళ్లపళ్లెంలో పెట్టి తాళం వేశాను. పక్కింట్లో ఇచ్చి వెళ్లొచ్చు. ఇస్తే ఎందుకో చెప్పాలి.

ఆ రెండు రోజులు వారమయ్యాయి. వచ్చి తలుపు తీస్తే కంపు. పెరుగంతా నల్లటి బూజు. దొడ్లో పారబోసి, గిన్నె బూడిదతో తళతళలాడేలా తోమి బోర్లించాను. తోమాక గానీ నేనేం చేశానో తెలియలేదు. అక్కడే అరుగు మీద కూలబడ్డాను.

పక్కింటి సైకిల్ షాపాయన భార్య చూసింది. "ఏందన్నా, అట్టా కూలబడ్డారు?"

"చేమిరి పోయిందమ్మా."

"ఓస్, దానికేనా? మా ఇంట్లోనూ ఇయ్యాల పెరుగు లేదు. గోరెచ్చని పాలల్లో నాలుగు ఎండు మిరపకాయల తొడిమెలు వెయ్యండి. పొద్దునకి పెరుగైతది."

ఎండిన తొడిమెలో ఏం ప్రాణముంటుందని విసుక్కుంటూనే వేశాను. తెల్లారి చూస్తే గట్టిగా పేరుకుంది. ఏమీ లేనిదాంట్లోంచి పుట్టింది! ఆ అమ్మాయిని వెతికి చెప్పాలనిపించింది. ముందు టీ బంకు దగ్గర కనిపించిన మా బోటనీ లెక్చరర్‌కి చెప్పాను.

ఆయన పడీపడీ నవ్వాడు. "తొడిమెని పట్టుకుని సూక్ష్మజీవులు ముందే ఉంటాయి మాస్టారూ. ప్రాణంలోంచే ప్రాణం వచ్చింది. ఇంత అమాయకులేంటండీ మీరు!"

సిగ్గేసి నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి అన్నంలో ఆ పెరుగు వేసుకున్నాను. బాగానే ఉంది, కాస్త పులుపు. మట్టిలోంచి మొదటి ప్రాణం ఎలా లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. లేవడానికి అడ్డేమీ లేదని మాత్రం తెలుసు. కానీ ఆవిడ చేతి పెరుగు ఇంక పుట్టదు. ఆవిడ పోయిన రోజు నేను ఏడవలేదు. ఆ పూట కంచం ముందు కూర్చుని ఏడ్చాను.