నా ఫోన్‌లోకి వచ్చిన జాకెట్లు

రోజూ పదకొండు గంటల ప్రాంతంలో నా ఫోన్‌లోకి ఒక జాకెట్టు వచ్చేది. ఒక్కోరోజు రెండు మూడు, శ్రావణమాసంలో అయితే పదీ పన్నెండూ. పట్టువి, నూలువి, చేతులకి పూసలు కుట్టినవి, హ్యాంగరుకి వేలాడుతూ ఉండేవి. నేను స్టీల్‌ప్లాంటులో మెయింటెనెన్స్ పని చేసి రిటైరైన మనిషిని. కుట్టుపని గురించి నాకు తెలిసిందల్లా ఊడిన బొత్తాం దానంతటది అతుక్కోదని.

అవన్నీ మా మరదలు కుట్టినవి. అంటే నా భార్య చెల్లెలు. భీమునిపట్నంలో, అదే భీమిలిలో, బస్సులు ఆగే రోడ్డు మీద తనకి చిన్న టైలరింగ్ షాపుంది. తను కుట్టిన జాకెట్లు గాజువాకలో ఒంటరిగా కూర్చున్న నా ఫోన్‌లోకి ఎందుకొచ్చేవంటే, దానికో కథ ఉంది.

నేనూ మా ఆవిడా ఒకేరోజు రెండు ఫోన్లు కొన్నాం. షాపతను రెండింటికీ ఒకటే మెయిల్ ఐడీ పెట్టేశాడు. "ఒక ఇంటోళ్లకి రెండెందుకు సార్, పాస్‌వర్డులు మర్చిపోతారు" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. రేషన్ కార్డు ఒకటే, గ్యాసు కనెక్షన్ ఒకటే, ఇదీ ఒకటే. ఆవిడ తీసిన ఫొటోలన్నీ క్లౌడ్‌లోకి వెళ్లి, అక్కణ్ణించి నా ఫోన్‌లోనూ కనపడేవి. ముగ్గులు, మందార మొక్క, మార్కెట్లో చవగ్గా దొరికిన చందువా చేప. నా వాటా పెద్దగా ఏం లేదు. నాకు ఫొటోలు తీసే అలవాటు లేదు.

ఆవిడ పోయాక, పదోరోజు వచ్చిన చుట్టాలు కూడా వెళ్లిపోయాక, ఆ ఫోను మరదలికి ఇచ్చేశాను. తన ఫోను అద్దం పగిలి, మాట్లాడుతుంటే చెంపకి గీసుకునేది. సిమ్ము మార్చుకుంది, మిగతాదేదీ మార్చలేదు. మార్చాలని నాకూ తెలీదు. వారం తిరక్కుండానే మా ఆవిడ ఫొటోల తర్వాత గులాబీరంగు జాకెట్టొకటి ప్రత్యక్షమైంది.

మొదటిరోజే ఫోన్ చేసి చెప్పాల్సింది. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఈలోగా అది అలవాటైపోయింది. మాకు పిల్లల్లేరు. పొద్దున్న లేచి కిటికీ మీద పేరుకున్న నల్లదుమ్ము తుడిచి, అన్నం వండుకుని, ఒక కూర పక్క వీధి నుంచి తెచ్చుకున్నాక నాకు చెయ్యడానికి పని ఉండేది కాదు. మాట్లాడ్డానికి మనిషీ లేడు. పదకొండవుతుంటే ఫోను తీసి చూసేవాణ్ణి. కొత్త జాకెట్టు వచ్చిందంటే ఎక్కడో ఒకచోట రోజు సవ్యంగా మొదలైనట్టే. జూన్‌లో స్కూలు యూనిఫారాలు వచ్చేవి. ఫొటో చీకటిగా వస్తే భీమిలిలో కరెంటు లేదని తెలిసేది. ఒకసారి ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకే పొడవు లేవు. ముప్ఫై ఏళ్లు షాఫ్టులు సరిచూసిన కళ్లు నావి, అర అంగుళం తేడా దాటిపోదు. ఫోన్ చేసి చెప్పలేను, చెప్పకుండా ఉండలేను. ఆ రోజంతా నాలో నేనే గింజుకున్నాను.

చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని ఫొటోల్లో జాకెట్లు హ్యాంగరుకి ఉండేవి కావు, మనుషుల ఒంటి మీద ఉండేవి. వేసి చూసుకున్నప్పుడు వీపువైపు తీసిన ఫొటోలు. పెళ్లాం పోయిన మగాడి ఫోన్‌లో ఊళ్లో ఆడవాళ్ల వీపులు! ఎవరికైనా తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అలాంటివి కనపడగానే కళ్లు తిప్పేసుకుని, వేలితో చటుక్కున పక్కకి నెట్టేసేవాణ్ణి. ఆలస్యం అయ్యేకొద్దీ చెప్పడం మరీ కష్టమైపోయింది.

ఇలా ఏడాది గడిచాక ఫోను ఒక కబురు చెప్పింది. స్టోరేజీ నిండిపోయిందట, ఇక కొత్తవి బ్యాకప్ కావట. నేను అర్థం చేసుకున్నదేమిటంటే, నిండిన బిందెలో ఇంకా పోస్తే పొర్లిపోయినట్టు, కొత్త జాకెట్లు వచ్చేకొద్దీ అడుగునున్న పాతవి పోతాయని. అడుగునున్నది మా ఆవిడ. షాపతనికి ఫోన్ చేస్తే, నెలనెలా కొంత కడితే జాగా పెరుగుతుందన్నాడు. "నా పెళ్లాం మొహం చూసుకోడానికి నేను అద్దె కట్టాలా?" అని అరిచాను. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. "అయితే అక్కర్లేనివి తీసెయ్యండి సార్. వెతికే చోట పేరు టైపు చేస్తే ఫోనే ఏరి పెడుతుంది" అన్నాడు.

ఆదివారం పొద్దున్న వరండాలో కూర్చుని జాకెట్టు అని టైపు చేశాను. ఫోను అన్నిటినీ ఒకచోటికి తెచ్చి కుప్ప పోసింది. తపాలాబిళ్లంత చిన్న చిన్నవి, వరసలు వరసలుగా. ఏది ఎప్పటిదో చూడలేదు. మొహం ఉన్నవి ఉంచాను, మొహం లేనివన్నీ టిక్కు పెట్టుకుంటూ పోయాను. వీపులు వచ్చినచోట మరింత తొందరపడ్డాను. నా ఫోన్‌లోంచి తీసేస్తే నా ఫోన్‌లోంచే పోతాయి, తనవి తన దగ్గర ఉంటాయి కదా అని నా లెక్క. తీసేశాక కూడా నిండిందనే చూపించింది. మళ్లీ షాపతనికి ఫోన్ చేస్తే బిన్ ఖాళీ చెయ్యమన్నాడు. శాశ్వతంగా పోతాయి, సరేనా అని ఫోను ఒకటికి రెండుసార్లు అడిగింది. సరే అన్నాను. ఇల్లు కడిగినంత తృప్తిగా మధ్యాహ్నం పడుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున్నే మరదలు ఫోన్ చేసింది. "బావా, నా ఫోన్లో జాకెట్లన్నీ పోనాయి. ఒక్కటీ కనపడతన్లేదు. కొలతలన్నీ ఆ ఫొటోల్లోనే ఉన్నాయి. పెళ్లోరి బట్టలున్నాయి, నానిప్పుడేటి సెయ్యాల?"

కొలతకని ఇచ్చే పాత జాకెట్టుని ఆది జాకెట్టంటారు. తను దాని మీద కొలతల చీటీ గుచ్చి, ఫొటో తీసుకుని, జాకెట్టు వెనక్కి ఇచ్చేస్తుందట. ఆ సంగతి నాకప్పుడే తెలిసింది.

"ఏమోనమ్మా, ఫోన్ల సంగతి నాకేం తెలుసు" అన్నాను. అంత సులువుగా అబద్ధం ఆడగలనని నాకే తెలీదు. ఫోను పెట్టేశాక అన్నం సహించలేదు.

గాజువాక జంక్షన్‌కి వెళ్లి షాపతన్ని అడిగాను. "రెండు ఫోన్లూ ఒకే ట్యాంకుకి బిగించిన కుళాయిలు సార్. ఆవిడ ఫోన్‌లో జాగా తక్కువ, క్లౌడ్‌లో ఉన్నవాటిని ఫోన్‌లోంచి తీసెయ్యమంటారా అని అదే అడుగుతుంటుంది, ఆవిడ సరే అంటుంటారు. ఉన్నదంతా ట్యాంకులోనే. మీరు ట్యాంకు ఖాళీ చేసేశారు" అన్నాడు.

"బిన్ ఖాళీ చెయ్యమన్నది నువ్వే కదా!" అని ఎగిరాను.

"అందులో ఏం పడేశారో నాకెలా తెలుస్తుంది సార్" అన్నాడు. నిజమే, వాడికెలా తెలుస్తుంది.

అక్కడే కూర్చుని మా ఆవిడ ఫొటోలన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించుకున్నాను, ఒకటి నాకు, ఒకటి మరదలికి. తన పేర వేరే మెయిల్ ఐడీ కూడా చేయించాను. ఇక నా ఫోన్‌లోకి జాకెట్లు రావని ఆ క్షణంలోనే అర్థమైంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, తన కొలతలు పోయినందుకంటే దానికే ఎక్కువ బాధపడ్డాను.

రెండు బస్సులు మారి భీమిలి వెళ్లాను. మరదలు మిషను ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని, నిలబడే మొత్తం చెప్పేశాను. జాకెట్లు ఏడాదిగా నాకొస్తున్నాయనీ, తీసేసింది నేనేననీ. వీపుల సంగతి మాత్రం నేల చూస్తూ చెప్పాను.

తను మిషను మీది గుడ్డ పక్కకి జరిపింది. "అంటే నాను తీసినవన్నీ నీకొస్తన్నాయా?" అని అడిగి, అంతలోనే నవ్వేసింది. "మరి సెప్పవేటి బావా? నాలుగు మంచి మాటలన్నా రాసీదాన్ని వాటికింద." తర్వాత, "పోనీలే, కొలతలు మల్లీ తీసుకుంటాను. నాలుగు తిట్లు తింటాను, అంతే కదా" అంది.

బరువు దిగిపోయినట్టయింది. జేబులోంచి పెన్‌డ్రైవు తీసి ఇచ్చి, ఫోను చూపిస్తూ కాస్త గొప్పగానే అన్నాను. "మీ అక్క ఫొటో ఒక్కటి కూడా పోనివ్వలేదమ్మా. అన్నీ ఉన్నాయి."

తను ఫోను తీసుకుని పైకి జరుపుకుంటూ పోయింది. ముగ్గులు, మందారం, చుట్టాల పెళ్లిళ్లు దాటింది. మా ఆవిడ ఆసుపత్రిలో చేరడానికి ముందు నెల దగ్గర ఆగింది. మళ్లీ కిందకి, మళ్లీ పైకి. "ఇంకోటుండాల బావా" అంది.

"ఏది?"

"అక్క నా దగ్గర ఆఖరుసారి కుట్టించుకున్నాది సూడు, సిలకపచ్చ జాకెట్టు. ఇక్కడే నిలబడి ఏసుకున్నాది. ముందరైతే అద్దంలో కనపడతాది, ఎనకెలా ఉన్నాదో సూపించవే అంటే, దాని ఫోన్తోనే తీసేను. సూసుకుని, ఇంత సిక్కిపోయేనేటే అన్నాది. అదే ఆఖరుది." తను ఫోను నాకిచ్చేసింది. "రోజూ మిషను తొక్కీముందు ఓపాలి సూసుకునేదాన్ని. వేరే ఐడీ పెట్టించుకోమని మా ఆయన ఎన్నిసార్లు సెప్పినా అందుకే పెట్టించుకోలేదు."

నాకు గుర్తొచ్చింది. చిలకపచ్చ జాకెట్టు, సగం నెరిసిన జడ ముందుకేసుకున్న ఆడమనిషి. ఎవరో పెద్దావిడ అనుకున్నాను. మర్యాదగా కళ్లు తిప్పుకుని టిక్కు పెట్టాను.

మరదలు టీ తెప్పించింది. మా ఆవిడ పోయింది నాకొక్కడికే అనుకుంటూ ఏడాదంతా బతికాను. టీ తాగుతున్నంతసేపూ తలెత్తి తన మొహం చూడలేకపోయాను.

బస్సుదాకా వస్తానని తను నాతో బయల్దేరింది. నేను ముందు నడుస్తున్నాను, వెనక తన చెప్పుల చప్పుడు. నాలుగడుగులు వేశాక ఆగిపోయాను. ముప్ఫై ఒక్కేళ్లు మార్కెట్‌కైనా, గుడికైనా, ఆఖరికి ఆసుపత్రికైనా నేను ఇలాగే ముందు నడిచాను, మా ఆవిడ ఇలాగే వెనక నడిచింది. నేను ఎలా నడుస్తానో, నా చొక్కా ఎక్కడ నలుగుతుందో ఆవిడకి తెలుసు. ఆవిడ వీపు నేను ఏ రోజూ చూడలేదు.

"నువ్వు ముందు నడు తల్లీ" అన్నాను.

"ఏటి బావా, ఒంట్లో బాగులేదేటి?" అంది.

ఏం లేదన్నాను. తను ముందుకెళ్లి, రెండుసార్లు అనుమానంగా వెనక్కి చూసి, నడవసాగింది. మీ అక్క కూడా ఇలాగే నడిచేదా అని అడగాలనిపించింది. అది మొగుడు అడగవలసిన ప్రశ్న కాదు. నోరు మూసుకుని బస్సు దాకా తన వెనకే నడిచాను.