ఓబులక్క ఎడమ కన్ను

ఓబులక్క చనిపోయింది.

నిన్న మధ్యాహ్నం మన కాలేజీ ల్యాబ్ అటెండర్ మస్తాన్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఓబులక్క పోయిందన్నా. బుక్కరాయసముద్రం కాడ రోడ్డు దాటతాంటే ట్రాక్టర్ కొట్టింది. ఎడం పక్కనుంచి వచ్చిందంట. ఆయమ్మకు కనపడలే."

ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉన్నాను. సరే అని పెట్టేశాను. లోపలికి వెళ్లి మిగతా స్లైడ్స్ కూడా చూపించాను.

సాయంత్రం ఆఫీసు అయ్యాకే ఊరికి బస్సెక్కాను.

మన బ్యాచ్‌లో చాలామందికి ఆమె పేరు తెలియదు. కాలేజీ ఊడ్చే ఆమె అంటే గుర్తొస్తుంది.

వర్క్‌షాప్ వెనక రేకుల షెడ్ ఆమెది. పాత ఇనుము, పేపర్లు కొనేవాడు వద్దన్నవన్నీ అక్కడికి చేరేవి. కాలిపోయిన ట్యూబ్‌లైట్లు. చెడిపోయిన డబ్బా మానిటర్లు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో లేబుల్ చెరిగిపోయిన సీసాలు.

ట్యూబ్‌లైట్లను పాత చీరల్లో చుట్టి వరుసగా పెట్టేది. మనం వాటిని కత్తుల్లా ఊపి పగలగొడుతుంటే తిట్టేది.

"ఏమప్పా, దాంట్లో పాదరసం ఉండాదని మీ సారే చెప్పినాడు గదా. సదువుకునేది మీరు, తెలిసేది నాకా?"

మనం నవ్వేవాళ్లం. అందరికంటే గట్టిగా నేను. ఎకో క్లబ్ సెక్రటరీని కూడా నేనే.

ఇలాంటివి తీసుకునే కంపెనీ ఒకటి బెంగళూరులో ఉందని కెమిస్ట్రీ సార్ చెప్పారు. కాలేజీ తరఫున లెటర్ రాస్తే వ్యాన్ పంపుతారట. ఆ పని నాకు అప్పగించారు. ఓబులక్క వారానికోసారి వచ్చి అడిగేది.

"రాశానక్కా, జవాబు రాలేదు" అనేవాణ్ణి.

రాయలేదు. బద్ధకం. అంతకుమించి కారణం లేదు.

ఫైనల్ ఇయర్‌లో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ముందు రోజు ప్రిన్సిపాల్ ఆ షెడ్ చూసి మండిపడ్డాడు. అన్నీ పగలగొట్టి గుంతలో పూడ్చమన్నాడు.

"వ్యాన్ వస్తాది సార్. ఈ అన్న లెటర్ రాసినాడు" అని ఓబులక్క నన్ను చూపించింది.

"రాశావా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"లేదు సార్. ఆమెకు ఎవరో ఏదో చెప్పుంటారు."

ఆమె నన్ను ఒకసారి చూసింది. కొంగు ముఖానికి కట్టుకుని గడ్డపార తీసుకుంది.

మేం పది మందిమి దూరంగా, ముక్కులకు కర్చీఫ్‌లు అడ్డం పెట్టుకుని నిలబడ్డాం.

ట్యూబ్‌లైట్లు అయ్యాయి. మానిటర్లు అయ్యాయి. సీసాలు మొదలుపెట్టింది. ఒకదాంట్లో యాసిడ్ మిగిలి ఉంది.

ఆ అరుపు నేను రాయలేను.

మస్తాన్ ఒక్కడే బకెట్ నీళ్లతో పరుగెత్తాడు. ప్రిన్సిపాల్ మాత్రం, "మెయిన్ గేటు వైపు తీసుకెళ్లకండి, అక్కడ ముగ్గులు వేస్తున్నారు" అన్నాడు.

మర్నాడు క్లీన్ క్యాంపస్ మీద కమిటీ ముందు స్పీచ్ ఇచ్చింది నేనే. చప్పట్లు కొట్టారు.

ఓబులక్క ఆస్పత్రిలో ఉంది. ఎడమ కన్ను పోయింది. నెల తర్వాత, ఒంటికన్నుతో ఏం ఊడుస్తుందని పనిలోంచి తీసేశారు.

పోయిన ఏడాది వాళ్ల ఇంటికి వెళ్లాను. గడప మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. పక్కనే ఆమె కొడుకు. ఆ రోజు అబద్ధం చెప్పానక్కా అని ఏడ్చాను.

ఆమె ఒలవడం ఆపలేదు.

"ఏడ్సేది అయిపోయిందా? నీ బరువు దించుకునేదానికి వచ్చినావు. ఈడ దించొద్దు. ఎత్తుకోని పో."

ఈ రోజు పొద్దున ఆమెను మట్టి చేశారు. నేనూ గుంత దగ్గరికి వెళ్లి పిడికెడు మట్టి తీసుకున్నాను. ఆమె కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు వద్దులేన్నా" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

మట్టి అక్కడే వదిలేసి వచ్చాను.

ఓబులక్కా, క్షమించమని అడగను. నువ్వు మాత్రం ఇక చల్లగా, నెమ్మదిగా ఉండు.