చంకలో ఎవరున్నారు?

ఆ రోజుల్లో మా బోయిగూడ ఇళ్ళల్లో సంవత్సరాలు ఎవరికీ తెలియవు. గోడకు క్యాలెండరు ఉండేది గానీ, అది ఏడాది గడిచాక పుస్తకాలకు అట్టలు వేసుకోవడానికే. ఏ సంగతైనా ఎప్పుడు జరిగిందో తేల్చాలంటే ఆడవాళ్ళు ఒక్కటే అడిగేవారు: అప్పుడు చంకలో ఎవరున్నారు? వంటింటి కప్పు కూలినప్పుడు చంకలో మా నాన్న, బావి ఎండినప్పుడు మా మేనత్త. అంతే, తేలిపోయేది. పిల్లలు వరసన పుట్టినట్టే సంగతులూ వరసన నిలబడేవి. ఇంత సుళువైన పద్ధతి ఉండగా ఒక చదువుకున్న మనిషి వచ్చి మా ఇంట్లో పెట్టిపోయిన చిచ్చు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందులో నా చెయ్యి కూడా ఉందని తలచుకుంటే ఇంకాస్త మండుతుంది.

నాకప్పుడు పన్నెండేళ్ళు. అయిదో తరగతితో బడి మాన్పించారు గానీ నా దస్తూరి బాగుంటుందని పేరు. మా చర్చి వజ్రోత్సవానికి సంఘ చరిత్ర పుస్తకం వేయాలనీ, సంఘంలో అందరికంటే పెద్దావిడకు ఆ రోజు శాలువా కప్పాలనీ పెద్దలు అనుకున్నారు. పుస్తకం పని ఒక కాలేజీ లెక్చరరుకు అప్పగించారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినాయన, ఇస్త్రీ నలగని చొక్కా. మేమంతా చరిత్ర సారు అనేవాళ్ళం. పాత సంగతులు ముసలివాళ్ళను అడిగి రాసుకోవడానికి ఇల్లిల్లూ తిరిగేవాడు.

మా నాయనమ్మకు ఒక అక్క ఉండేది, మా ఇంటికి రెండు గుమ్మాల అవతల. పెద్దవ్వ అనేవాళ్ళం. ఇద్దరూ ఏ పూట కూర వండినా ఒక గిన్నె అటూ ఒక గిన్నె ఇటూ నడవవలసిందే. సారు ముందు పెద్దవ్వ దగ్గరికే వెళ్ళాడు. ఆవిడ ఆయనకే ప్రశ్నలు వేసింది. "నువ్వెవల కొడుకువు బిడ్డా? పెండ్లయిందా? గిప్పుడు గా పాత ముచ్చట్లతోని ఏం అక్కర పడ్డది నీకు?" అన్నదట. ఆయన కాగితం మీద 'జ్ఞాపకశక్తి లేదు' అని రాసుకుని లేచి మా ఇంటికి వచ్చేశాడు. (పెద్దవ్వకు జ్ఞాపకం లేదట! మా అమ్మ పెళ్ళిలో పప్పులో ఉప్పు తక్కువైన సంగతి చచ్చేదాకా మరిచిపోలేదు ఆవిడ.)

మా నాయనమ్మ వేరే రకం. ఇంటికొచ్చిన మనిషి, అందులో చదువుకున్న మనిషి, నోరు తెరిచి అడిగితే కాదనడం మర్యాద కాదని ఆవిడ నమ్మకం. కుర్చీ తుడిచి వేసి, అప్పటికప్పుడు పాలు తెప్పించి టీ పెట్టించింది. సారు నాకు పెన్సిలిచ్చి రాయమన్నాడు. ఆయన ప్రశ్నలు వినండి. "అరవై ఏళ్ళ కిందటి మూసీ వరద మీరు చూశారు కదండీ?" నాయనమ్మ, చూసిన సారూ అంది. జనం చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు కదా అంటే, దక్కించుకున్నరు అంది. అప్పటికి మీరు పెళ్ళీడు పిల్ల అయి ఉంటారు కదా అన్నాడు. నాయనమ్మ నా వంక చూసింది. నేను, అచ్చులో మా నాయనమ్మ పేరు పడుతుందన్న ఆశ కొద్దీ, తల ఊపాను. "అయ్యుంటా సారూ" అంది. నేను గుండ్రంగా రాశాను. ప్రశ్న పొట్టలోనే జవాబును కుక్కి తెచ్చుకునే మనిషికి ఎదుటివాళ్ళతో పనేమిటి? ఇంట్లో కూర్చుని ఆయనే రాసుకుంటే మా పాలన్నా మిగిలేవి. నాలుగు బిస్కట్లు కూడా తిన్నాడు.

పుస్తకం వచ్చింది. అందులో మా నాయనమ్మ వరద నాటికి పదహారేళ్ళ కన్య, నిరాశ్రయులకు గంజి పోసిన పుణ్యాత్మురాలు. ఆ లెక్కన సంఘంలో అందరికంటే పెద్ద ఆవిడే. వజ్రోత్సవం నాడు పాస్టరు అయ్యగారు పేరు పిలిచి, మండుటెండలో, మా నాయనమ్మకు ఊదారంగు శాలువా కప్పారు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న పెద్దవ్వ అందరితోపాటు చప్పట్లు కొట్టింది. అలా కొడుతూనే చెల్లెలి మొహంలోకి చూసింది. నాయనమ్మ తల దించుకుంది. అంతమందిలో లేచి, నేను కాదు, మా అక్క అనడానికి ఆవిడకు నోరు రాలేదు.

మర్నాటి నుంచి కూర గిన్నెలు నడవడం ఆగిపోయింది. "నన్ను ఎత్తుకొని తిప్పిన పెద్దమనిషి కదా, నేనే పోయి దండం పెట్టాలె" అని పెద్దవ్వ వాకిట్లో నిలబడి వీధి వీధంతా వినేలా అనేది. నాయనమ్మ లోపల శాలువా మడత పెట్టేది, విప్పేది. మా నాన్న వెళ్ళి బతిమాలాడు, అయ్యగారు వచ్చి ప్రార్థన చేశారు, ఏమీ లాభం లేదు. అరవై ఏళ్ళ అక్కచెల్లెళ్ళు, రెండు గుమ్మాల ఎడం, ఒక నెల రోజులు మాటల్లేవు. ఇలాగే ఎవరో ఒకరు పోయేదాకా ఉండిపోతారేమోనని నాకు భయం పట్టుకుంది. అందరూ వెళ్ళి పెద్దవ్వను అడిగింది ఒక్కటే: కోపం పోయింది కదా? అదీ సారు ప్రశ్నలాంటిదే.

ఒక పొద్దున పెద్దవ్వ బియ్యం చెరుగుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. బుక్కులు రాసే మేడమొచ్చింది అంది. నేను రాళ్ళేరాను. ఏరి, మా ఇంటి ప్రశ్న అడిగాను.

"పెద్దవ్వా, వరద వచ్చిన నాడు నీ చంకల ఎవలున్నరు?"

చేట ఆగింది.

"ఇంకెవలుంటరే, గా శాలువ కప్పుకున్న మహారాణే. ఆర్నెల్ల పిల్ల. మా అమ్మ గొర్రెల కోసం ఉరికింది, దీన్ని నాకిచ్చింది. నాకు ఏడో ఎనిమిదో. నీళ్ళు మోకాళ్ళ దాక వచ్చినయ్, దీన్నెత్తుకొని ఎగువకు ఉరికిన. భయానికి నా చెవి పట్టుకొని వేలాడింది. గోరు దిగిన గాటు ఇంక సుత ఉన్నది, జెర చూడు."

చెవి వెనక తెల్లటి గీత. పెద్దవ్వ చేట పక్కన పెట్టింది. "అది అబద్ధమేం చెప్పలే. చూసింది. నా చంకలకెంచి చూసింది" అంది.

నేను పరుగున పోయి నాయనమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. నాయనమ్మ తప్పయిందనలేదు. శాలువా విప్పి అక్క భుజాల మీద కప్పి, ఆ చెవి వెనక వేలు పెట్టి తడిమింది. పెద్దవ్వ ఒక్క నిమిషం కప్పించుకుని, "ఇగ తియ్యే, చెమట పడితే ఖరాబైతది" అంది. ఆ మధ్యాహ్నం వంకాయ కూర గిన్నె బయల్దేరింది.

నేను ఊరుకోలేదు. చరిత్ర సారు ఇంటికి వెళ్ళి పుస్తకంలో తప్పు పడిందని చెప్పాను. అచ్చయిపోయింది కదమ్మా, అయినా దీనికి ఆధారమేమిటి అన్నాడు. చెవి వెనకాల ఉంది సార్ అన్నాను. నవ్వాడు. చూడ్డానికి మాత్రం రాలేదు. రెండు గుమ్మాలు ఎక్కి దిగలేని వాడికి చరిత్ర ఎందుకు?

ఇప్పుడు నా మనవరాలు కాలేజీలో చరిత్రే చదువుతోంది. మొన్న పెన్ను పట్టుకుని వచ్చి, "నానమ్మా, ప్రాజెక్టుకి. మీ టైంల ఫ్యామిలీస్ అన్నీ కలిసిమెలిసి ఉండేటివి కదా?" అంది. అవునన్నాను! ముచ్చటగా అడిగిందని, నా నోటితో నేనే అన్నాను. అది రాసుకుంటుంటే నా మీద నాకే మండి, పెన్ను లాక్కుని, ఈ కథంతా చెప్పి, ప్రశ్న ఎలా అడగాలో చెడామడా పాఠం చెప్పాను. బుద్ధిగా విన్నది. విని అడిగింది.

"అయితే నానమ్మా, వాళ్ళు మాట్లాడుకోని నెల రోజులు నువ్వెవరింట్ల తిన్నవ్?"

నేను కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నాను. (శుభ్రంగానే ఉన్నాయి.) రెండిళ్ళల్లోనూ తిన్నాను. అక్క ఏమంటోందే అని అడగడానికి నాయనమ్మ పిలిచి ముద్ద కలిపేది, అదేమంటోందే అని అడగడానికి పెద్దవ్వ గుడ్డు ఉడకబెట్టేది. ఆ నెలలో నా గౌను కుట్లు విప్పి అమ్మ వదులు చేసింది. మా ఇంటి గోడలకు కూడా తెలిసిన ఆ ఒక్క ప్రశ్న, భయపడుతూ కూడా, నెల రోజుల దాకా నాకెందుకు తోచలేదో ఇన్నేళ్ళకు ఈ పిల్ల అడిగితే తెలిసింది.

పెన్ను తిరిగి ఇచ్చి, రాసుకో, అన్నాను.