హన్మండ్లు ఎండ లెక్క

హన్మండ్లు అంటే నాకు గిట్టదు. నేనంటే అతనికి అసలే గిట్టదు.

బోధన్‌లో మా ఇంటి వెనక గోడకు అవతల సర్కారు చెరుకు తోట ఉంది. అందులో ఓ మూల, ముళ్ల కంచె లోపల, ఎండావానలు కొలిచే జాగా. ముప్పై రెండేళ్లు ఆ జాగాకు హన్మండ్లే రాజు. కిరీటం బదులు తలకు తువ్వాల, కత్తి బదులు చెవి మీద పెన్సిల్.

పుట్టింది జక్రాన్‌పల్లిలో, పసుపు పండించే ఇంట్లో. పదో తరగతి చదివి, తోటలో గడ్డి పీకే కూలీగా వచ్చి, మెల్లగా అంకెలు రాసే కొలువులో కుదురుకున్నాడు. పొద్దున ఏడుంబావుకు, మధ్యాహ్నం రెండుంబావుకు తెల్ల చెక్కపెట్టె తెరిచి థర్మామీటర్లు చూస్తాడు. పొద్దు గుంకాక గాజు గుండు దగ్గరికి పోతాడు. పెద్ద బత్తాయంత గుండు అది. దాని గుండా పడిన ఎండ వెనకనున్న అట్టముక్కను సన్నగా కాలుస్తుంది. మబ్బు వస్తే కాలడం ఆగిపోతుంది. అట్ట మీద నల్లగీత ఎంత పొడుగుంటే ఆ రోజు అన్ని గంటలు ఎండ కాసినట్టు. రోజూ పాత అట్ట తీసి, కొత్తది పెట్టి, గీత కొలిచి పుస్తకంలో రాయాలి.

ఆ పుస్తకంలో ఒక్క గడి కూడా ఖాళీ లేదని అతని గర్వం. తల్లి ఈరవ్వ పోయిన రోజు పొద్దటి అంకె రాశాకే జక్రాన్‌పల్లికి బస్సెక్కాడు. కొరివి పెట్టి, రెండుంబావుకల్లా తడిబట్టలతో మళ్లీ పెట్టె ముందు నిలబడ్డాడు. కాన్వెంట్లో ఫాదర్ల దగ్గర చదివిన నేను ఎందరో మొండివాళ్లను చూశాను గానీ, ఇలాంటివాణ్ణి చూడలేదు.

మా పగ చాయ్ హోటల్లో మొదలైంది. ఒక ఏడు ఫ్యాక్టరీ గానుగ ఆలస్యమై మే నెల చివరిదాకా చెరుకు తోలారు. ఆ కథ చెబుతున్నాను. బండిలో చెరుకు దారిలోనే ఉడికి బెల్లమైందని, మూగిన ఈగలు ఎడ్లతో సహా బండిని లేపి మంజీర ఒడ్డున దింపాయని. అందరూ నోళ్లు తెరుచుకుని వింటున్నారు. పక్క బల్ల నుంచి హన్మండ్లు తల కూడా ఎత్తకుండా అడిగాడు.

"ఏ తారీఖు సారూ?"

"మే ఇరవై రెండు."

"గా దినం నలభై మూడు పాయింట్ రెండు. గా ఎండకు చెరుకు బెల్లం గాదు. పొద్దుమీకి వాన గూడ పడ్డది, ఆరు మిల్లీమీటర్లు."

హోటలంతా నవ్వింది. ఈగల్ని కొలిచే డబ్బా కూడా ఉందా నీ దగ్గర అని అడిగాను. ఎవరూ నవ్వలేదు. ఆ తర్వాత ఆ హోటల్లో నా కథలకు మునుపటి గిరాకీ లేదు.

రెండేళ్ల కింద మా ఇంటి మీద మూడో అంతస్తు వేశాను. చలికాలంలో పొద్దు నైరుతికి గుంకుతుంది, మా ఇంటి జోలికి రాదు. రోహిణి కార్తె నాటికి వాయవ్యానికి జరుగుతుంది. సరిగ్గా అక్కడ నా మూడో అంతస్తు. హన్మండ్లు మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"సారూ, మీ మేడ నలభై నిమిషాల ఎండ మింగుతున్నది."

"పొద్దు నీ జాగీరా హన్మండ్లూ?"

"నాది గాదు. మీది గూడ గాదు గద."

"అయితే ఇల్లు కూలగొట్టాల్నా?"

"నేనట్ల అనలే. ఉన్నది ఉన్నట్టు రాస్త, అంతే."

రాశాడు. 'వాయవ్యాన రాజశేఖర్ గారి మూడో అంతస్తు అడ్డు. సాయంత్రం నలభై నిమిషాల ఎండ అందలేదు.' ఎండ కాసిన ప్రతి సాయంత్రం అదే ముక్క. సర్కారు పుస్తకంలో నా పేరు దొంగల పట్టీలో ఎక్కినట్టు ఎక్కింది. ఆ సంగతి తోట కావలి లింబాద్రి చెప్పినప్పుడు నా ఒళ్లు మండిపోయింది. అట్ట ఏం చూపిస్తే అది రాసుకునే గుమాస్తాకు ఇంత పొగరా? ఆకాశం మొహం చూడడని పదిమందిలో తేల్చాలనుకున్నాను.

అతని కొలువు జూన్ ముప్పైతో ముగుస్తుంది. పదకొండో తారీఖున మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మేసింది. సాయంత్రం ఆరింటికి అతను చాయ్‌కి పోవడం చూసి, నా భార్య త్రివేణిని ఒక అగర్‌బత్తి అడిగాను.

"దేవునికా?"

"హన్మండ్లుకు."

"మీకు డెబ్బై ఏండ్లు దాటినయి. గా మనిషి జోలికి పోకుండ్రి."

తాటిచెట్టంత గోడ దూకాను. తాటిచెట్టు చిన్నదే, నడుమెత్తు ఉంటుంది. కంచె సందులోంచి దూరి, గుండు వెనక అట్ట మీద అగర్‌బత్తి నిప్పుతో గీత పెట్టాను. పొద్దున మబ్బులు వదిలిన సందులు కూడా పూడ్చాను. మా ఇల్లే లేనట్టు ఆరు నలభై దాకా ఎండ కాయించాను.

తెల్లారి హోటల్లో అందరి ముందు అడిగాను. "నిన్న ఎన్ని గంటలు కాసింది హన్మండ్లూ?"

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఎండ గాల్చిన గీత కొసకు సన్నబడతది. మీది కొసదాక ఒకటే లావు, అగ్గువ గీత సారూ. నా కండ్లతోటి మబ్బు జూసిన." లేచి వెళ్లిపోయాడు.

ఆఫీసులో జరిగింది లింబాద్రి చెప్పాడు. ఎంత వెతికినా అట్ట మీద నిజమైన గీత ఏదో, నాది ఏదో తేలలేదట. ఆఫీసు పెద్దసారు, "అందాజగా ఏడు గంటలని వేసెయ్. ఇంక పంతొమ్మిది రోజుల కొలువుండగా ముప్పై రెండేళ్ల పేరు పోగొట్టుకుంటవా?" అన్నాడట. హన్మండ్లు వినలేదు. ఆ గడిలో అడ్డగీత గీసి, పక్కన 'అట్ట చెడింది' అని మాత్రం రాశాడు.

నా పేరు లేదు! అదే నాకు ఎక్కువ మండింది. దారిలో ఎదురైతే నిలదీశాను.

"నా పేరెందుకు రాయలేదు?"

"ఎండ గురించైతే రాస్త. మీ బుద్ధి గురించి రాయనీకి గా పుస్తకంల గడి లేదు."

జూన్ ముప్పైన తోటలో షామియానా వేసి వీడ్కోలు పెట్టారు. కాలనీ వాళ్లందరినీ పిలిచారు, నేనూ త్రివేణీ వెళ్లాం. పెద్దసారు అచ్చువేయించిన సన్మానపత్రం చదివాడు. "ముప్పై రెండు సంవత్సరాలలో ఒక్క రోజైనా తప్పకుండా..."

చప్పట్ల మధ్య హన్మండ్లు లేచాడు. "సార్, తప్పు చదివిండ్రు. ఒక్క రోజు లేదు. జూన్ పదకొండు."

"పర్వాలేదులే హన్మండ్లూ, కూచో."

"కూచుంట సార్. కాయితం దిద్దుండ్రి."

చప్పట్లు ఆగిపోయాయి. పెద్దసారు చేతిలో శాలువా అట్లాగే ఉంది. చివరికి జేబులోంచి పెన్ను తీసి, అద్దం కట్టిన పత్రం వెనక అట్ట ఊడదీసి, ఆ వాక్యం కొట్టేశాడు. అప్పుడుగానీ హన్మండ్లు శాలువాకు మెడ వంచలేదు.

త్రివేణి లేచి ఇంటికి పోయింది. భోజనాల దగ్గర ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. హన్మండ్లు ప్లేటు పట్టుకుని ఆ పక్కకే వచ్చాడు. నన్ను చూశాడు. షామియానా అవతలికి, ఎండలోకి పోయి నిలబడి తిన్నాడు.